కోత పడిన ఒంటికి తపసు మాను లేదు

పోయిన వారం మనం వెంకటప్పను మదనపల్లె మిషన్ ఆసుపత్రి వరండాలో, బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాం. డాక్టర్ పరంజ్యోతి లోపలికి పిలిచి ఏమీ దాచకుండా చెప్పేశారు. మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సరు పుట్టింది. మెల్లగా పెరిగే రకం కాదు, దూకుడుగా పాకే రకం. ఎముకల దాకా ఇంకా పోలేదు, అదొక్కటే అదృష్టం. ఉన్న దారులు రెండు. వేలూరు వెళ్లి గ్రంథిని పూర్తిగా కోసి తీయించుకోవడం ఒకటి. అక్కడే నెలన్నర పైన ఉండి కోబాల్టు కిరణాలు పెట్టించుకోవడం ఇంకొకటి.

"ఏది మేలో నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను వెంకటప్పా. రెండింటికీ వాటి లాభం ఉంది, వాటి నష్టం ఉంది. ఇంట్లో మాట్లాడుకుని శుక్రవారం రండి" అన్నారాయన.

వెంకటప్ప పెద్దపంజాణి దగ్గరి పల్లెలో మెట్ట సేద్యం చేసుకునే రైతు. అరవైకి దగ్గర పడ్డాడు. కానీ ఆ చుట్టుపక్కల ఆయన్ని సేద్యం వల్ల ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఎండాకాలం ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగేటప్పుడు అర్జునుడి వేషం కట్టి, పాశుపతం కోసం తపసు చేసే ఘట్టంలో తపసు మాను ఎక్కేది ఆయనే. తాటిచెట్టంత మాను. పద్యాలు పాడుతూ మెట్టు మెట్టుకూ ఆగి, కొన చేరాక అక్కణ్ణించి నిమ్మకాయలూ విబూదీ విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో మాను చుట్టూ బోర్లా పడుకుని ఉంటారు. ఎవరి మీద కాయ పడితే వాళ్ల కడుపు పండుతుందని నమ్మకం.

ఆయన కొడుకు గంగాధరం ఆ ఇంట్లో మొదటి బీయస్సీ. పుంగనూరు హైస్కూల్లో సైన్సు అయ్యవారు. ఆపరేషనే మంచిదని అతని మనసు గట్టిగా చెబుతోంది. అయితే ఆపరేషన్‌కు రక్తం కావాలి. ముగ్గురు బిడ్డల్లో ఎవరి గ్రూపూ తండ్రికి కలవలేదు. తోడబుట్టినవాళ్లది కలవొచ్చన్నారు డాక్టరు. తోడబుట్టినవాడు ఒక్కడే, తమ్ముడు చెంగల్రాయుడు. భార్య పుట్టిన ఊరు గుడుపల్లెలో మల్బరీ తోట వేసుకుని పట్టుపురుగులు మేపుతున్నాడు. అన్నదమ్ములకు ఆరేళ్లుగా మాటల్లేవు.

అందుకే "రేపు గుడుపల్లెకు పోదాం రా" అని తండ్రే నోరు తెరిచి అన్నప్పుడు గంగాధరానికి సగం బరువు దిగినట్టయింది.

కుప్పంలో బస్సు మారి గుడుపల్లె చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. దారి పొడుగునా వెంకటప్ప ఒళ్లో గుడ్డసంచిని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. కండక్టరు పైన పెట్టమన్నా ఇవ్వలేదు.

చెంగల్రాయుడి ఇంటి ముందర కొబ్బరాకుల పందిరి. లోపల పురుగులు పండే దశకు వచ్చాయి. ఒకటి రెండు రోజుల్లో గూళ్లు కట్టడం మొదలుపెడతాయి. అలాంటప్పుడు ఆ ఇళ్లలో మనుషులకు తిండీ నిద్రా రెండూ తర్వాతే. గడప దగ్గర అడుగుల చప్పుడు వినిపించగానే లోపల్నించి ఒక ఆడగొంతు కేకేసింది.

"ఎవురది? ఆడనే నిలబడండి! కాళ్లు కడగందే లోపలికొచ్చేది లే!"

చేతిలో మల్బరీ ఆకుల గంపతో బయటికి వచ్చింది మునెమ్మ, చెంగల్రాయుడి భార్య. వచ్చినవాళ్లను చూసి గంప దించింది. కొంగు సర్దుకుంది.

"బాగుండావా మునెమ్మా?" అన్నాడు వెంకటప్ప.

"ఏమో, బాగానే ఉండాం బావా. ఎవురూ వొచ్చి అడగలా గదా, అందుకని ఉండామో లేదో మాకే తెలీదు." అని గంగాధరం వైపు తిరిగింది. "ఏమప్పా అయ్యవారూ, దోవ తప్పి వొచ్చినారా?"

"లేదు చిన్నమ్మా, మీ ఇంటికే వచ్చినాం."

"రాండి, ఈ పందిట్లోనే కూసోండి. లోపలికి పిలవలేదని అనుకోవాకండి. పురుగులు పండే యాల. బీడీ వాసన, సబ్బు వాసన ఏదీ పడదు వాటికి." ఒక్క అడుగు దగ్గరికి వచ్చి ముక్కు ఎగబీల్చింది. "ఇదేం వాసన బావా? డెట్టాలా?"

వెంకటప్ప పందిట్లోని మంచం మీద కూర్చున్నాడు.

"ఆ సంచి ఇట్లియ్యి, గుంజకు తగిలిస్తా."

"వొద్దులేమ్మా. నా కాడే ఉండనీ."

"ఏం, నేను ముట్టుకుంటే మాసిపోతుందా? ఇన్నేళ్లకొచ్చి సంచి గూడా ఇయ్యకపోతే ఎట్లా బావా?" అని చొరవగా సంచి అంచు పట్టుకుని లాగింది.

సంచి రాలేదు. దాంతోపాటు పంచె మడతలోంచి సన్నటి రబ్బరు గొట్టం వచ్చింది. గొట్టం చివర సంచిలో ప్లాస్టిక్ తిత్తి. తిత్తిలో టీ రంగు నీళ్లు.

మునెమ్మ చెయ్యి వదిలేసింది. తర్వాత ఆమె లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చి బావగారి పక్కన పెట్టి, తాను గడప మీద కూలబడింది.

"ఎన్నాళ్ల నుంచి బావా?" ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

గంగాధరం చెప్పాడు. చెబుతుండగానే తోటలోంచి ఆకుమోపు నెత్తిన పెట్టుకుని చెంగల్రాయుడు వచ్చాడు. మోపు దించి, తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ నిలబడే అంతా విన్నాడు. క్యాన్సరు అన్న మాట దగ్గర మాత్రం తలగుడ్డ మొహం మీదే కాసేపు ఆగిపోయింది.

"రక్తం సంగతి సెప్పడానికొచ్చినాం చిన్నాయనా" అన్నాడు గంగాధరం. "ఆపరేషన్‌కు..."

"నేను చెప్తా ఉండు" అన్నాడు వెంకటప్ప. తమ్ముడి వైపు చూడకుండా పందిరి గుంజ వైపు చూస్తూ అన్నాడు. "రక్తం అడగను రాలా రాయుడూ. వొద్దని సెప్పి పోను వొచ్చినా."

గంగాధరం తెల్లబోయాడు. "అదేంది నాయనా?"

"నేను ఒప్పుకోకపోతే నువ్వు నా ఎనక వొచ్చి వీణ్ణి అడుగుతావు. అది నాకు తెలుసు. అందుకని నేనే వొచ్చి నీ ముందరే సెప్తాండా. నేను కత్తి పెట్టించుకోను. కరెంటే పెట్టించుకుంటా."

మా వైపు పల్లెల్లో కిరణాల వైద్యాన్ని కరెంటు పెట్టడం అనే అంటారు. కోబాల్టు అంటే ఎవరికీ అర్థం కాదు. మునెమ్మ ఆపుకోలేక అనేసింది.

"మీ ఊర్లో మోటారుకే కరెంటు రాదు, ఇంగ మనిషికేం పెడతారు బావా!"

చెంగల్రాయుడు చిన్నగా నవ్వాడు. వెంకటప్ప మొహంలో కూడా ఏదో కదిలింది గానీ నవ్వు దాకా రాలేదు.

గంగాధరానికి నవ్వు రాలేదు. "నాయనా, కారణం సెప్పు. కిరణాలు మేలని నమ్మి ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు. భయమైతే భయమని సెప్పు. తపసు మాను కోసమా?"

"మాను కోసం గాదురా. మాట కోసం."

"ఏం మాట?"

వెంకటప్ప అప్పుడు తమ్ముడి వైపు తిరిగాడు. "ఆ యేడు వీడు అర్జునుడి వేషం కట్టినాడు. ఈసారి నువ్వెక్కరా అని నేనే అన్నా. వీడు మాను మొదట్లో కాలు పెట్టబోతాంటే ఫ్యామిలీ ప్లానింగు కాంపులో పని సేసే కాంపౌండరొచ్చి నా సెవిలో సెప్పినాడు, మీ తమ్ముడు ఆపరేషను సేయించుకున్నాడని. నేను వీడి భుజం పట్టుకుని ఎనక్కి లాగినా. ఊరంతా సూస్తాండగా అన్నా. కోత పడిన ఒంటికి తపసు మాను లేదు అని. వీడి కిరీటం నేను పెట్టుకుని నేనే ఎక్కినా. ఇప్పుడు నా వొంటికి కోత పడితే? ఆ మాట వీడికేనా, నాకు గాదా? ఎక్కకుండా ఇంట్లో కూసోని బతకలేను. ఎక్కితే వీడి మొహం సూడలేను. కరెంటయితే కోత లే. అందుకని కరెంటు."

చెంగల్రాయుడు మోపు కట్టిన తాడు విప్పుతున్నాడు. విప్పుతూనే అన్నాడు. "నీ వొళ్లు, నీ ఇష్టం అన్నా. నా సంగతి దాంట్లోకి లాగాకు. నేనెప్పుడో మరిసిపోయినా."

"మరిసిపోయినావా?" అంది మునెమ్మ.

"మునెమ్మా."

"మరిసిపోయినోడివి ప్రతి యేడూ భారతం రోజుల్లో తోటలోకి పోయి పొద్దు గూకేదాకా రాకుండా యాల ఉంటావు?"

"నోరు మూయి."

"మూసినా. ఆరేళ్లు మూసినా. నువ్వు ఒట్టేయించుకున్నావు గదా, అందుకని మూసినా. ఇప్పుడు బావ ఆ మాటను పట్టుకుని సావుకు పోతాంటే గూడా మూసుకోవాల్నా?" ఆమె లేచి వెంకటప్ప ఎదురుగా వచ్చి నిలబడింది. "బావా, ఆ పండగకు ముందు ధనుర్మాసంలో, అందరం ఒక ఇంట్లో ఉండేటప్పుడు, మన ఇంటి ముందరికి కాంపోళ్ల జీపొచ్చింది. నువ్వు పలమనేరు సంతకు పోయి ఉండావు, నేను సేని కాడ ఉండా. ఇంటికొక మొగోడు రావాల్సిందే అన్నారు. ఇంటి పెద్ద యాడ, ముగ్గురు బిడ్డలుండారంట గదా, ఆయన్ని పిలవండి అన్నారు. ఆ జీపు నీ కోసమొచ్చింది బావా."

వెంకటప్ప చేతిలోని చెంబు అలాగే ఉండిపోయింది.

"నిజమేనా రాయుడూ?"

చెంగల్రాయుడు విప్పిన తాడు చుట్ట చుట్టి పక్కన పడేశాడు. "నువ్వు పట్టింపు మనిషివి అన్నా. గోరంత కోత పడినా నిన్ను నువ్వే మాను దింపేసుకుంటావు. ఇంగ ఎక్కవు. నాకు ఆ పట్టింపు లేదు. సిన్న కోతకు దేవుడేమంటాడులే అనుకున్నా. నేను పోతే నీ మానుకేం గాదు, నా వేషానికీ ఏం గాదు అనుకున్నా. అంతే. నువ్వు ఆ పొద్దు అట్లా అంటావని నాకు తట్టలా."

"నాకు యాల సెప్పలేదురా?"

"సెప్తే ఏం సేసేవాడివి? మాను మొదట్లో కూసోని ఏడ్సేవాడివి. పండగ ఆగిపోయేది."

వెంకటప్ప చెంబు కింద పెట్టాడు. పెట్టేటప్పుడు కొంచెం ఒలికింది. గంగాధరం లేవబోతే చేత్తో వారించాడు. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది గంగాధరానికి.

"ఇంగ సాల్లే" అన్నాడు చెంగల్రాయుడు భార్యతో.

"సాలదు. నా సంగతి ఎవురు సెప్తారు?" అంది మునెమ్మ. గొంతు పెంచలేదు, దించింది. "బావా, ఆ పొద్దు మాను కింద తడిగుడ్డలతో పడుకున్న ఆడోళ్లలో నేనూ ఉండా. ఇద్దరాడబిడ్డలు నాకు. ఒక్క మొగబిడ్డ కావాలని పడుకున్నా. మొహం మన్నులో పెట్టుకుని పడుకోనుంటే మాను మొదట్లోంచి నీ గొంతు వినపడింది. కోత పడిన ఒళ్లు అని. ఎవురి ఒళ్లు అని నేను తలెత్తి సూసినా. నా మొగుడు కిరీటం తీసి నీ సేతికిస్తాండాడు. నాకట్లా తెలిసింది. అంతవరకు నాకు సెప్పలా ఈ మనిషి, జీపు సంగతి గూడా ఆ రాత్రే ఒట్టేయించుకుని సెప్పినాడు. లేసిపోదామంటే సుట్టూరా ఆడోళ్లు. మళ్లా పడుకున్నా. నువ్వు పైకెక్కినావు. నువ్వేసిన కాయ నా ఈపు మీదే పడింది."

లోపల్నించి పురుగులు ఆకు తినే సన్నటి శబ్దం వినిపిస్తోంది.

"నీ మింద గాదు నాకు కోపం" అంది మునెమ్మ. "నీ మింద సగమే. నీ తమ్ముడి మింద సగం. మీరిద్దరూ ఒకరి కోసం ఒకరు ఏమైనా సేసుకుంటారు. ఒకడు ఒళ్లిస్తాడు, ఒకడు మాట కోసం పానమిస్తాడు. నన్నెవురడిగినారు? ఆ జీపు ఎక్కే ముందర, మునెమ్మా, ఇట్లా పోతాండా అని ఒక మాట అడిగింటే, పొమ్మనే దాన్నేమో. నాకేం తెలుసు. అడగలా గదా."

చెంగల్రాయుడు తల వంచుకుని ఆకులు విడదీస్తున్నాడు. ఈ మాట ఆయన కూడా ఇప్పుడే మొదటిసారి వింటున్నాడని గంగాధరానికి అర్థమైంది.

వెంకటప్ప కొడుకుని పిలిచాడు.

"గంగాధరం. డాక్టరు సెప్పింది మళ్లా సెప్పు."

"అంతా విన్నావు గదా నాయనా."

"వినలా. కత్తి అన్నాక నాకేమీ వినపల్లా. మాను గీను పక్కన పెట్టు. నేనిప్పుడు ఉత్త మనిషిని. సెప్పు."

గంగాధరం మొదలుపెట్టాడు. బళ్లో పాఠం చెప్పినట్టు చెప్పబోయి, అలా కాదని తెలిసి, నెమ్మదించాడు. కిరణాలైతే రోజూ కాసేపు మెషీను కింద పడుకోవాలి. కోత లేదు. కానీ పక్కనున్న పేగులకూ మూత్రసంచికీ వేడి తగులుతుంది. విరేచనాలు కావచ్చు, నెత్తురు పడొచ్చు. లోపల రోగం చచ్చిందో లేదో వెంటనే తెలియదు. మళ్లీ లేచిందంటే అప్పుడు కత్తి పెట్టడం మహా కష్టం. ఆపరేషనైతే గ్రంథి మొత్తం బయటికి వస్తుంది. ఎంత దూరం పాకిందో కంటితో చూస్తారు. ఇంకా మిగిలిందనుకుంటే పైన కిరణాలు పెట్టొచ్చు.

"అయితే కత్తే మేలు గదా" అన్నాడు చెంగల్రాయుడు.

"అదే నేననేది..." అని ఆగాడు గంగాధరం. ఇంతవరకూ ఇంట్లో ఎప్పుడు చెప్పినా అతను ఇక్కడే ఆపుతూ వచ్చాడు. మిగిలింది చెబితే తండ్రి ఆపరేషన్ వద్దంటాడని భయం. ఇప్పుడు చిన్నమ్మ మాటలు విన్నాక, తానూ అదే పని చేస్తున్నాననిపించింది. "కత్తికి గూడా నష్టముంది నాయనా. అది నీకు సరిగా సెప్పలా నేను. పెద్ద కోత. నెత్తురు శానా పోతుంది. నీ వయసుకు బల్ల మీదే ఏమైనా కావచ్చు. బతికి బయటపడినా మూత్రం నిలవకపోవచ్చు. కొంతమందికి కొన్నాళ్లే, కొంతమందికి ఎప్పటికీ. గుడ్డ కట్టుకుని తిరగాల."

"ఇంకా?"

"ఇంకా..." మునెమ్మ ఉందని తడబడ్డాడు. ఆమె కదల్లేదు. "సంసారం ఉండదు నాయనా. కిరణాలకు గూడా పోవచ్చు, కానీ మెల్లగా పోతుంది, కొందరికి పోకపోవచ్చు. కత్తికైతే ఆ రోజుతోనే పోతుందన్నారు డాక్టరు."

వెంకటప్ప తల ఊపాడు. ఆయన ఇప్పుడు వింటున్నాడు. ఒక్కొక్క మాటా లోపలికి దించుకుంటున్నట్టు, మధ్యమధ్య కళ్లు మూసుకుంటున్నాడు.

"ఏది తీసుకున్నా ఒకటి పోతుంది" అన్నాడు చివరికి.

"అవును."

"డాక్టరు ఎందుకు సెప్పలేకపోయినాడో ఇప్పుడు తెలిసింది."

చెంగల్రాయుడు ఆకులు వదిలేసి వచ్చి అన్న పక్కన మంచం మీద కూర్చున్నాడు. మంచం కిర్రుమంది. "నేను సెప్పేది ఒకటే అన్నా. ఏది పెట్టించుకున్నా నేనొస్తా. రక్తం కావాల్నంటే ఇస్తా, వొద్దంటే ఆడ నీ పక్కన కూసోనుంటా. కానీ నా కోసమని ఒకదాన్ని ఎంచుకోవాకు. నాకు ఆ బరువు ఎత్తాకు."

వెంకటప్ప తమ్ముడి మోకాలి మీద చెయ్యి వేశాడు. అంతే. వాళ్లిద్దరికీ అంతకంటే చేతకాదు.

"కత్తికే పోతా అనిపిస్తాంది" అన్నాడు. "ఉండేది లేందీ కంటితో సూసేస్తారు గదా. తడిసిపోతే తడిసిపోతా. ఆ పైన..."

"అక్కేమంటాంది?" అంది మునెమ్మ.

అక్క అంటే రంగనాయకమ్మ. వెంకటప్ప భార్య, గంగాధరం తల్లి.

తండ్రీ కొడుకూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అడిగినారా?"

"మీ అక్కకు తెలీదమ్మా" అన్నాడు వెంకటప్ప. "మూత్రంలో రాయి అని సెప్పినాం. తట్టుకోలేదని."

మునెమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకున్నాడు గంగాధరం. తిట్టలేదు. "గుడ్డలుతికేది ఎవురు? రోజూ పక్కన పడుకునేది ఎవురు? నువ్వు పోతే తాళి తెంపుకునేది ఎవురు? రాయంట రాయి" అని గొణుక్కుంటూ లేచి తొట్టి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది. లోపలికి పోయి ఇంకో చీర సంచిలో పెట్టుకుని బయటికి వచ్చింది.

"యాడికి పోతాండావు?" అన్నాడు చెంగల్రాయుడు.

"అక్క కాడికి."

"పురుగులు పండే యాల! గూళ్లు కట్టే తట్టలన్నీ దించాల..."

"పురుగులు నువ్వు సూసుకో. ఆరేళ్ల నుంచి అక్క నాతో మాట్లాడలా, నేను అక్కతో మాట్లాడలా. మీ అన్నదమ్ముల గొడవకు మేం నోళ్లు కుట్టుకున్నాం. ఇంగ సాలు. ఈ మాట సెప్పేటప్పుడు ఆమె పక్కన ఒక ఆడమనిషి ఉండాల."

పట్టుపురుగులు మేపే ఇల్లాలు ఆ సమయంలో గడప దాటడం అంటే చిన్న సంగతి కాదు. చెంగల్రాయుడు ఆమెను ఆపలేదు. బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకునే ఉన్నాడు.

బస్సు కుప్పం దాటింది. మునెమ్మ ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. వెంకటప్ప ఈసారి సంచిని ఒళ్లో పెట్టుకోలేదు. కాళ్ల దగ్గర పెట్టుకుని, చాలాసేపు బయటి మెట్టచేలను చూస్తూ ఉన్నాడు.

"నేనే సెప్తా మీ అమ్మకు" అన్నాడు. "రోగం పేరు సెప్తా. రెండు దావలూ సెప్తా. నువ్వు ఇప్పుడు నాకు సెప్పినట్టే, ఏదీ దాయకుండా. ఆమె కత్తి అంటే కత్తి. కరెంటు అంటే కరెంటు."

"మంచిది నాయనా."

"మంచిదే. కానీ ఒకటి సెప్పు." వెంకటప్ప గొంతు బాగా తగ్గించాడు. "మీ అమ్మను నువ్వెరుగుదువు. వాళ్ల నాయన ఆసుపత్రిలో పోయినాడు. అప్పటి నుంచి ఆసుపత్రి అంటేనే గిట్టదు ఆమెకు. ఆమె అంతా విని, 'ఈ రెండూ వొద్దు, ఉన్నన్నాళ్లు నా కండ్ల ముందర ఇంట్లోనే ఉండు' అంటే? అడిగినాక ఆమె మాట ఇనాల గదా. అప్పుడేం సేస్తావురా గంగాధరం?"